పాలోమాస్ కనుమలో తీగల గేటు

గేటు మూసింది నేనే. మీరు చివర్లో నన్ను వేలెత్తి చూపే పని లేకుండా ముందే చెప్పేస్తున్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను. ప్రతి ట్రిప్పు అయ్యాక చివరి సీటుదాకా నడిచి, ఏ పిల్లాడైనా నిద్రపోయి ఉండిపోయాడేమో చూసి, తలుపు రెండుసార్లు లాగి చూస్తేగానీ ఇంటికి పోయేదాన్ని కాదు. "నీకు తలుపుల పిచ్చి పట్టిందే" అని మా ఆయన బతికుండగా ఎగతాళి చేసేవాడు. ఆ జాగ్రత్తే మా కొంప ముంచింది.

ప్రతి జూన్‌లో ఒక శని ఆదివారాలు మా కుటుంబం ప్రూయెట్ వాళ్ళ పశువుల భూమిలోకి వెళ్తుంది. శనివారం మా వదిన కోసం, ఆదివారం మా కోసం. వదిన పేరు లూయీజా, మా అన్నయ్య ఫెర్మీన్ భార్య, ప్యూబ్లో అనే ఆదివాసీ తెగ మనిషి. ఆ భూమి పైభాగంలో, ఒక గుట్ట మీద, ఆమె పూర్వీకులు కట్టుకున్న రాతి ఊరు ఉంది. గోడలన్నీ నడుం ఎత్తుకు కూలిపోయాయి. స్పెయిన్ వాళ్ళు ఈ దేశంలో అడుగు పెట్టకముందే అక్కడ నాలుగు వందల గదుల్లో పొయ్యిలు వెలిగేవట. కింద, పాలోమాస్ కనుమలో, పద్దెనిమిది వందల అరవై రెండులో, అంతర్యుద్ధం రోజుల్లో, టెక్సాస్ సైన్యం మా మీదికి వచ్చినప్పుడు చిన్న పోరు జరిగింది. మా నాన్న బెలార్మినోకి ముత్తాత అయిన పోలికార్పియో అక్కడే గుండు దెబ్బకు పడిపోయాడు. తోటివాళ్ళు పడినచోటే పూడ్చి, కర్ర శిలువ ఒకటి పాతి వెళ్ళిపోయారు. ఆ శిలువ ఎప్పుడో కార్చిచ్చులో కాలిపోయింది. ఆ పోరు గురించి ఏ పుస్తకంలోనూ లేదు. ఫలానా చోటు అని చూపించగలిగింది మా నాన్న ఒక్కడే. ఆయనకు వాళ్ళ తాత చూపించాడు.

తమాషా ఏమిటంటే, ఆ భూమి ఇప్పుడు టెక్సాస్ వాళ్ళదే. "తుపాకులతో వచ్చి ఓడిపోయారు, తర్వాత తీరిగ్గా వచ్చి కొనుక్కున్నారు" అని ఫెర్మీన్ ఏటా అదే జోకు వేస్తాడు. ఏటా మేం నవ్వుతాం. ఆయన దగ్గర ఉన్నదే అదొక్క జోకు.

ఆ చోట పేరు చెక్కిన రాయి ఒకటి పాతాలని నాన్న నలభై ఏళ్ళుగా అడుగుతున్నాడు. ముసలి ప్రూయెట్ ఒప్పుకోలేదు. "ఇవాళ రాయి అంటారు, రేపు భూమి అంటారు" అన్నాడు. కొడుకు వెల్డన్ ప్రూయెట్ అలాంటివాడు కాదు. ఈ ఏడు ఫోన్ చేసి, "కాగితం రాయించుకు రండి పెద్దాయనా, ఆదివారం మధ్యాహ్నం వచ్చి సంతకం పెడతాను" అన్నాడు. నాన్నకు ఎనభై ఆరు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. అంత ఎత్తు ప్రదేశానికి వచ్చే ఏడు ఆయన్ని తీసుకెళ్ళొద్దని డాక్టరు ముందే చెప్పేశాడు. ఫెర్మీన్ రెండు నెలలు కూర్చుని రాయి చెక్కాడు. దాన్ని నా పికప్ వెనక దుప్పట్లలో చుట్టి పెట్టాం. ఒడిలో కాగితం పెట్టుకుని నాన్న నా పక్కన కూర్చున్నాడు.

వెల్డన్ మాకు పెట్టిన షరతు ఒక్కటే. "గేటు ఎలా ఉంటే అలాగే వదలండి. తెరిచి ఉంటే తెరిచి, మూసి ఉంటే మూసి. మీకు తోచింది మాత్రం చెయ్యకండి." అది మా రాష్ట్రంలో పశువులున్న ప్రతివాడూ చెప్పేదే. నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నదే.

శనివారం రెండు పికప్‌లలో వెళ్ళాం. ముందు ఫెర్మీన్, లూయీజా. వెనక నేను, నాన్న. రోడ్డు మీది గేటు దగ్గర వదిన దిగి తీసింది, మేం దాటాక మూసింది. ఇంకో మైలు పోతే మధ్య గేటు. అది ముళ్ళతీగల గేటు. నాలుగు వరసల తీగ, మధ్యలో కర్రలు, చివర్లో గుంజకు తగిలించే ఉచ్చు. మేం వెళ్ళేసరికి అది తెరిచి ఉంది. ఫెర్మీన్ బండి అప్పటికే దాటిపోయి దుమ్ములో కలిసిపోయింది. వదినే దిగి తీసిందనుకున్నాను. తిరుగు ప్రయాణంలో మూద్దామనుకుని ఉంటారు, అనుకుంటూ పోయాను.

గుట్ట దగ్గర లూయీజా ఒక్కతే పైకి వెళ్ళింది. ఇంటి నుంచి తెచ్చిన రొట్టె, చిన్న సంచి ఒకటి చేతిలో ఉన్నాయి. అక్కడ ఏం చేస్తుందో మేం అడగం, ఆమె చెప్పదు. మేం కింద టోపీలు తీసి నిలబడతాం, అంతే. తిరిగి వచ్చేటప్పుడు ఆమె బండి ఎక్కదు. గుట్ట నుంచి మా గుడారాల దాకా రెండు మైళ్ళూ నడిచే వస్తుంది. అదీ ఏటా ఉండేదే. అందుకని ఫెర్మీన్ ముందు వెళ్ళిపోయాడు, నేను వెనక బయల్దేరాను.

మధ్య గేటు దాటి బండి ఆపాను. తీగలన్నీ కంచె పక్కకు చక్కగా పరిచి, చిన్న తీగముక్కతో కంచెకు కట్టేసి ఉన్నాయి. ఆ కట్టును నేను చూశాను. దిగి తీసి వెళ్ళేవాడు ఎవడూ అలా కట్టడు. ఆ గేటు తెరిచే ఉండాలని కట్టిన కట్టది. అయినా నా బుర్రకు తట్టలేదు. మా వదిన పనితనమే వేరు అనుకున్నాను. కట్టు విప్పాను, గుంజను భుజంతో వాటేసుకుని లాగి ఉచ్చు తగిలించాను. రెండుసార్లు లాగి చూశాను కూడా.

"గట్టిగా పడిందా?" అని కిటికీలోంచి నాన్న అడిగాడు.

"నేను మూస్తే పడకేం" అన్నాను.

సాయంత్రం లూయీజా నడిచి వచ్చింది. చొక్కా భుజం దగ్గర కొద్దిగా చిరిగింది. కంచె తీగల మధ్య దూరి వచ్చానంది. ఎవరం పట్టించుకోలేదు. పొయ్యి మీద చిక్కుడుగింజలు, పచ్చిమిరపకాయల కూర ఉడుకుతున్నాయి.

ఆదివారం తెల్లవారేసరికి ఎక్కడో ఆవులు అరుస్తున్నాయి. ఒకటీ రెండూ కాదు, మందంతా. మా గుడారాలు కనుమ మలుపులో ఉన్నాయి, ఏమీ కనపడదు.

"ఏమిటన్నయ్యా ఆ గోల?" అన్నాను.

"పాలు మాన్పించి దూడల్ని విడదీసి ఉంటాడు వెల్డన్. తల్లులు రెండ్రోజులు ఇలాగే ఏడుస్తాయి. నీ బస్సులో మొదటిరోజు పిల్లలు ఏడవలా?"

"జూన్‌లో ఎవరు విడదీస్తారు?" అంది లూయీజా.

"ఆవుల సంగతి నాకు చెప్తావా?" అన్నాడు ఫెర్మీన్. ఆయన తపాలా ఆఫీసులో పని చేసి రిటైర్ అయ్యాడు.

నాన్న చూపించిన చోట గొయ్యి తవ్వడం మొదలుపెట్టాం. ఏటవాలు నేల, ఒకటే రాళ్ళు. నాన్న మడతకుర్చీలో కూర్చుని, కర్రతో "ఇంకొంచెం ఎడమకి, ఆఁ, ఇక్కడే తల" అని చెబుతున్నాడు. ఆయన్ని అంత సంతోషంగా నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. పదింటికే ఎండ నెత్తి మాడ్చేస్తోంది. అరుపులు ఆగలేదు సరికదా, గొంతులు మారాయి. బొంగురుగా, తెరలు తెరలుగా వస్తున్నాయి. తవ్వుతూ తవ్వుతూ నేను మాటిమాటికీ మలుపువైపే చూశాను. ఎందుకో అప్పటికీ నాకు తెలియదు. తెలియదనే అనుకుంటున్నాను.

పన్నెండు దాటాక వెల్డన్ వచ్చాడు. మనవరాలి స్నాతకోత్సవానికని రెండు రోజులు ఊళ్ళో లేడు. ఇంకా ఇస్త్రీ చొక్కాలోనే ఉన్నాడు. నవ్వుతూ బండి దిగి, కలం తీస్తూ, "ఏదీ కాగితం, పెద్దాయనా" అన్నాడు. అప్పుడే మలుపు అవతల నుంచి మందంతా ఒక్కసారిగా అరిచింది. అతని మొహంలో నవ్వు ఆగిపోయింది.

"మధ్య గేటు తెరిచే ఉంది కదా?" అన్నాడు.

నేను తవ్వడం ఆపేశాను.

"పైన చెరువు ఎండిపోయి నెలయింది. నీళ్ళు కిందే ఉన్నాయి, గాలిమర దగ్గర. అందుకే ఆ గేటు తెరిచి కట్టి పెట్టాను" అంటూనే బండి ఎక్కేశాడు. నాన్నని నా బండిలో ఎక్కించుకుని మేం అందరం వెనకాలే బండ్లు పరిగెత్తించాం.

గేటు దగ్గర అరవై ఆవులు. తీగల మీదికి ఒరిగిపోయి, నాలుకలు బయటపెట్టి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. కంచె గుంజలు వంగిపోయాయి. ఒక ఎర్రావు ముందుకాలు కంచె తీగలో ఇరుక్కుని చర్మం వేలాడుతోంది. దాని పక్కన నేల మీద ఒక దూడ. తొక్కిసలాటలో పోయింది. దాని తల్లి ఇంకా దాన్ని నాకుతూనే ఉంది.

"గేటు మొత్తం తీశామంటే ఒకదాన్నొకటి తొక్కి చంపుకుంటాయి" అన్నాడు వెల్డన్. తన ట్రక్కును గేటుకు అడ్డంగా, ఒక్క ఆవు పట్టేంత సందు వదిలి నిలబెట్టాడు. "ఒతీలియా గారూ, గుంజ మీరు పట్టుకోండి. నేను చెప్పినప్పుడు తియ్యండి, చెప్పినప్పుడు మూయండి. ఫెర్మీన్, పది దాటగానే కేకెయ్యి. లూయీజా గారూ, తొట్టి దగ్గరికెళ్ళి తాగినవాటిని తరమండి, లేకపోతే పొట్ట పగిలేదాకా తాగుతాయి."

నిన్న వాటేసుకున్న గుంజనే మళ్ళీ వాటేసుకున్నాను. ఉచ్చు తీశానో లేదో మొదటి ఆవు నా తుంటిని రాసుకుంటూ దూసుకుపోయింది. దాని ఒంటి వేడి నాకు బట్టల్లోంచి తగిలింది. పదో ఆవు దగ్గర మూయబోతే పదకొండోది తల దూర్చింది. నేను తూలి ట్రక్కు మీద పడ్డాను. వెల్డన్ దాని మూతి మీద టోపీతో కొట్టి వెనక్కి నెట్టాడు. "లాగండి! లాగండి!" అని అరుస్తున్నాడు. లాగాను. తీగ ముళ్ళు అరచేతిలో దిగాయి. ఒక్క పట్టు జారినా మందంతా నా మీంచే పోతుంది, నా వెనక బండిలో నాన్న ఉన్నాడు. అలా ఆరుసార్లు. గంటన్నర పట్టింది. ఆఖరున వెల్డన్, ఫెర్మీన్ కలిసి ఎర్రావు కాలు తీగల్లోంచి విడిపించారు. చచ్చిన దూడ తల్లి మాత్రం నీళ్ళకు రాలేదు.

అందరం గేటు దగ్గరే నిలబడిపోయాం. తొట్టి దగ్గర నుంచి లూయీజా నడిచి వచ్చింది, మోకాళ్ళ దాకా బురద. వెల్డన్ చొక్కా నెత్తురూ సొంగా అయిపోయింది.

"ఎవరు మూశారు?" అన్నాడు. గొంతు పెంచలేదు.

ఆ క్షణంలో చెప్పాలి నేను. నోరు తెరిచాను కూడా. నాన్న ఒళ్ళో కాగితం కనిపించింది. మూసేశాను.

"గుట్ట మీంచి ఆఖరున వచ్చింది ఎవరు?" అని వెల్డన్ మళ్ళీ అడిగాడు.

"లూయీజా" అన్నాడు ఫెర్మీన్. "తను నడిచి వస్తుంది. కానీ..."

"నేను వచ్చేసరికే మూసి ఉంది" అంది వదిన. "మీరేగా చెప్పారు, ఎలా ఉంటే అలా వదలమని? మూసి ఉంది, మూసే ఉంచాను. పక్కన తీగల్లోంచి దూరి వచ్చాను."

"అయితే ఎవరు మూసినట్టు? గాలొచ్చి మూసిందా?"

"అది నన్నడిగితే నాకేం తెలుసు?"

వెల్డన్ నా బండి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "పెద్దాయనా, మీ మాట చాలు నాకు. మీరు దాటి వచ్చాక ఈ గేటు ఎలా ఉంది?"

నాన్న నన్ను చూడలేదు. బండి ముందు అద్దంలోంచి ఎదురుగానే చూస్తూ అన్నాడు.

"తెరిచే వదిలాం."

మా నాన్న అబద్ధమాడగా నేను విన్నది అదే మొదటిసారి. ఎనభై ఆరేళ్ళ మనిషి, గొంతు కూడా వణకలేదు. లూయీజా ఆయనవైపు చూసింది. కోపంగా కాదు. పొరపాటున వేరే ఇంట్లోకి వచ్చేసిన మనిషిలా చూసింది. ముప్పై నాలుగేళ్ళుగా ఆయనకు అన్నం పెట్టిన కోడలు.

"లూయీజా" అన్నాడు ఫెర్మీన్ మెల్లగా, "మర్చిపోయి మూశావేమో, గుర్తు తెచ్చుకో."

"నువ్వు కూడానా?" అంది.

వెల్డన్ టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. "సరే. తప్పెవరైనా చేస్తారు. కానీ మొహం మీద అబద్ధం చెప్పేవాళ్ళని నా భూమిలో తిరగనివ్వను. అమ్మా, ఇకమీదట మీరు గానీ మీవాళ్ళు గానీ ఆ గుట్ట ఎక్కొద్దు." తర్వాత నాన్నతో, "మీ సంగతి వేరు, పెద్దాయనా. మీకు మాటిచ్చాను" అని కాగితం తీసుకున్నాడు. ట్రక్కు ముందుభాగం మీద పరిచాడు. కలం మూత తీశాడు.

లూయీజా గుట్టవైపు తిరిగి నిలబడింది. ఏడుస్తుందేమో అని భయపడ్డాను. ఏడ్చినా బాగుండేది. ఆమె తల్లి, తల్లికి తల్లి, వాళ్ళ ఊరివాళ్ళందరూ నాకు గుర్తొచ్చారు. కొన్ని ఏళ్ళు మా వెంట వచ్చి, ఒక్క రోజు కోసం ఆ రాళ్ళ మధ్య నిలబడి వెళ్ళేవాళ్ళు. వాళ్ళ ఊరు మొత్తం, నా చేతుల మీదుగా, మూసుకుపోతోంది. ఇటు చూస్తే మా నాన్న పెదాలు కదుపుతున్నాడు, దేవుడికి దండం పెట్టుకుంటున్నట్టు. వెల్డన్ కలం కదిలింది.

"నేనే మూశాను" అన్నాను.

కలం ఆగింది.

"నేనే, వెల్డన్ గారూ. వదిన తీసి వెళ్ళిందనుకున్నాను. కట్టి ఉన్న తీగ కూడా చూశాను, అయినా విప్పి మూశాను. దూడని చంపింది నేను. ఆవిడ కాదు."

వెల్డన్ నన్ను చూశాడు, తర్వాత బండిలోకి చూశాడు.

"మూసినప్పుడు ఈయన పక్కనే ఉన్నాడా?"

"ఆయనకి చూపు సరిగా..." అన్నాను. సగంలో ఆగిపోయాను. ఇంకో అబద్ధానికి నా దగ్గర ఓపిక లేదు. "ఉన్నాడు. గట్టిగా పడిందా అని అడిగాడు."

వెల్డన్ కలం మూత పెట్టాడు. అతనికీ కష్టంగానే ఉంది, నేను కాదనను.

"గేటు మూసినందుకు నేను సంతకం ఆపేవాణ్ణి కాదు. పన్నెండేళ్ళప్పుడు నేనూ మూశాను, మూడు ఆవులు పోయాయి. మా నాన్న తోలు వలిచాడు. అది కాదు." కాగితం మడిచాడు. "పెద్దాయనా, ఆ గోతి దగ్గర మీ ముత్తాత ఉన్నాడని నాకెలా తెలుసు? ఏ లెక్కలో ఉంది? మా నాన్న వద్దన్నా నేను ఒప్పుకున్నది, మీ నోటి మాట మీద. ఇప్పుడు ఆ నోటితోనే..." మిగతాది చెప్పలేదు. మడిచిన కాగితం కిటికీలోంచి నాన్న ఒళ్ళో పెట్టాడు. "గొయ్యి పూడ్చి వెళ్ళండి. దూడల కాళ్ళు విరుగుతాయి."

లూయీజా దగ్గరికి వెళ్ళి టోపీ తీశాడు. "తప్పు మాట అన్నానమ్మా. వచ్చే ఏడు రండి, మీవాళ్ళనీ తీసుకురండి." ఆమె తల ఊపింది. మావైపు చూడలేదు, ఫెర్మీన్ బండి ఎక్కలేదు. రోడ్డు గేటు దాకా నడిచే వెళ్ళింది. మా అన్నయ్య పక్కనే బండిని మెల్లగా నడుపుతూ, కిటికీలోంచి బతిమాలుతూ వెళ్ళాడు.

గొయ్యి నేను ఒక్కదాన్నే పూడ్చాను. నాన్న బండి దిగలేదు.

తిరుగు దారిలో ఎనభై మైళ్ళు ఆక్సిజన్ సీసా చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక దుప్పట్లలో రాయి మలుపు మలుపుకీ కదులుతోంది. ఊరి దీపాలు కనిపించాక నాన్న అన్నాడు.

"చెప్పేదానివి ఒక్క నిమిషం ముందు చెప్పలేకపోయావా, ఒతీలియా?"

"రాయి కోసం నోరు మూసుకున్నాను, నాన్నా."

"నేనూ దానికోసమే."

ఇద్దరం ఒకే తప్పు చేశాం. నాది బయటపెట్టుకుని నేను తేలికపడ్డాను, ఆయనది కూడా నేనే బయటపెట్టాను. "నీ తప్పు నువ్వు చెప్పుకో, మీ నాన్నది బయటపెట్టమని ఎవరడిగారే" అని మా అమ్మ బతికుంటే నన్ను నాలుగు దులిపేది.

ఇంటి ముందు బండి ఆపాను. ఆయన దిగలేదు. కాగితం ఇంకా ఒళ్ళోనే ఉంది.

"పోలికార్పియో అక్కడే పడ్డాడు" అన్నాడు. "మా తాత నాకు చెయ్యి పట్టుకుని చూపించాడు. అది మాత్రం అబద్ధం కాదు."

"తెలుసు నాన్నా" అన్నాను.

కానీ ఆ మాట అనడానికి నాకు ఒక్క క్షణం ఆలస్యమైంది. అది ఆయన గమనించాడు.